కొక్కెం లేని గొలుసులు

సాండ్‌హావ్న్,
నవంబరు 11

ఒరేయ్ ఐనార్,

బతికే ఉన్నాను. చెవులు మాత్రం పోయాయి. నలభై ఏళ్ళు పడవల కార్ఖానాలో ఇనప రేకుల మీద సుత్తి దెబ్బలు విని విని, ఇక చాలనుకున్నాయి. ఫోను మోగినా నాకొకటే, మోగకపోయినా ఒకటే. ఎదురుగా ఉంటే పెదాలు చూసి మాట పట్టుకుంటాను. అందుకే రాస్తున్నాను. నా రాత ఎలా ఉంటుందో నీకు తెలుసు. నవ్వుకో.

ఒక సంగతి అడగాలి. మా వీధి చివర జుట్టు కత్తిరించే బోదిల్ ఉంది కదా, పోయినసారి నువ్వు వచ్చినప్పుడు నీ మీసం సగం కోసేసింది, ఆవిడే. ఆవిడ కూతురు ఆస్తా పెద్ద ఊరు వెళ్ళి చేతికి ఒక గొలుసు వేయించుకుని వచ్చింది. దానికి కొక్కెం లేదు. చేతి మీదే అతికేస్తారట. ఇక విప్పడం ఉండదు, స్నానానికీ నిద్రకీ అదే. వారం తిరక్కుండా అతుకు ఊడింది. బోదిల్ దాన్ని తెచ్చి నా బల్ల మీద పడేసి చెవిలో అరిచింది: "ట్రాలర్ పడవలు అతికినవాడివి, ఇంత గొలుసు అతకలేవా?"

"నా దగ్గరున్న యంత్రంతో అతికితే గొలుసు ఉంటుంది, నీ పిల్ల చెయ్యి ఉండదు" అన్నాను.

కానీ కళ్ళద్దాలు పెట్టుకుని ఊడిన చోటు చూశాను. సిగ్గులేని పని రా అది. గొలుసుని కలిపే రింగు రెండు కొనలూ కలవనే లేదు. పైన చిన్న బొట్టు పెట్టి పంపేశారు. ఈ రేవులో నేను వేసిన అతుకు ఒక్కటీ ఊడలేదు. సముద్రం ప్రయత్నించింది, దానివల్లే కాలేదు. పద్నాలుగేళ్ళ పిల్ల చేతి గొలుసు వారానికే ఊడిందంటే అతికినవాణ్ణి ఏమనాలి?

దీనికి వేరే యంత్రం ఉంటుందా? నువ్వు కంసాలివి, నీకు తెలియాలి. పెద్దగా, విడివిడిగా రాయి, ఎప్పటిలాగే. సైన్యంలో నువ్వు నేర్పిన ఆ పెద్ద అక్షరాలు తప్ప ఇంకెవరి రాతా నాకు కొరుకుడు పడదు. అచ్చు అక్షరాల సంగతి సరేసరి. మా ఆవిడ ఇంగర్ పోయాక ఈ సంగతి తెలిసినవాడివి నువ్వొక్కడివే. అలాగే ఉండనీ.

తోర్కిల్


రొన్నె, బోర్న్‌హోమ్ దీవి,
నవంబరు 20

ప్రియమైన తోర్కిల్,

నీ ఉత్తరం చూసి నాకు పదేళ్ళ వయసు తగ్గింది. అక్షరాలు తాగినవాడి నడకలా ఉన్నా, మాట మాత్రం నిటారుగా నిలబడింది. అది నీదేనని కవరు మీదే తెలిసిపోయింది.

యంత్రం ఉంది. రొట్టెల డబ్బా అంత ఉంటుంది. దానికొక సూది. సూది మొనను రింగుకి తాకిస్తే రెప్పపాటు మెరుపు, అతుకు పడిపోతుంది. కింద చిన్న తోలు ముక్క ఉంచితే చర్మానికి వేడి కూడా తెలియదు. పెద్ద ఊళ్ళలో ఈ పనికి గిరాకీ బాగా ఉంది. అక్కాచెల్లెళ్ళు, స్నేహితురాళ్ళు, తల్లీకూతుళ్ళు జంటగా వచ్చి వేయించుకుంటారు. వేసేవాళ్ళు చాలామంది వారం పది రోజులు నేర్చుకున్నవాళ్ళే. వాళ్ళకి లేనిది నీ దగ్గర ఉంది. నీ చెయ్యి వణకదు. సైన్యంలో సార్జెంటు కళ్ళజోడు విరిగితే వంటింటి నిప్పు మీద అతికి పెట్టావు, అతుకు ఎక్కడో ఆయన ఆరు నెలలు వెతుక్కున్నాడు.

అయితే ఆ పిల్ల గొలుసు ఒక్కటే ఎందుకు? నువ్వే మొదలుపెట్టు. అక్కడే, మీ ఊళ్ళోనే. యంత్రం నేను చూసి పంపుతాను. వెండి గొలుసులు, రింగులు నా దుకాణం నుంచి వస్తాయి. అనుమతుల కాగితాలు నేను నింపుతాను, నువ్వు సంతకం పెడితే చాలు. చదవాల్సినవి ఏవి వచ్చినా ముందు నేను చదివి, నీకు పెద్ద అక్షరాల్లో రాస్తాను. సైన్యం బారకాసుల్లో ఇంగర్ ఉత్తరాలు చదివి పెట్టిన గొంతే ఇది. నువ్వు మొహానికి టోపీ కప్పుకుని వినేవాడివి. అప్పుడు ఒక్క ముక్క మార్చలేదు, ఇప్పుడూ మార్చను. చదువు భారం నాది, చేతి భారం నీది.

నీ ఐనార్


సాండ్‌హావ్న్,
ఫిబ్రవరి 3

ఒరేయ్ ఐనార్,

నీ మాట మీద దిగాను. నెల రోజులు పనికిరాని రింగుల మీద సాధన చేశాను. తొమ్మిది వందలు అతికాను. మొదటి మూడు వందలూ చెత్తబుట్టలోకి పోయాయి. తర్వాతవి నువ్వొచ్చి లాగి చూసుకో.

దుకాణం అంటే దుకాణం కాదు. బోదిల్ కొట్లో కిటికీ పక్క మూల. ఒక దీపం, చిన్న బల్ల, రెండు కుర్చీలు. బోర్డు మీద నా పేరు ఉంది. బోదిల్ రాయించింది. సరిగ్గా ఉందా అని అడిగితే, ఉందన్నాను. ఆకారం చూస్తే నా పేరులాగే ఉంది.

మొదట వచ్చింది మారెన్, చేపల పడవ స్వెన్ పెళ్ళాం. పెళ్ళై ముప్పై ఏళ్ళయిందని గొలుసు వేయించమంది. స్వెన్ పక్కన నిలబడి నా వేళ్ళు చూసి, "పెద్దాయనా, పడవలు మానేసి గాజులమ్ముతున్నావా?" అన్నాడు.

"నీ పడవ అడుగు అతికింది ఈ వేళ్ళే. నమ్మకం లేకపోతే రేపటి నుంచి ఈదుకుంటూ వెళ్ళు" అన్నాను.

గొలుసుకీ చేతికీ మధ్య వేలెడు సందు వదలమని యంత్రంతో పంపిన చీటీలో రాశావు. ఎవరి వేలో రాయలేదు. నా వేలు పెట్టి కొలిస్తే గొలుసు మారెన్ మోచేతి దాకా జారింది. "ఇది గొలుసా, పడవ కట్టే తాడా?" అన్నాడు స్వెన్. ఇప్పుడు పెన్సిలు పెట్టి కొలుస్తున్నాను. తర్వాత వాడు తనకీ ఒకటి వెయ్యమన్నాడు. వెయ్యనన్నాను. వల లాగే చక్రంలో చిక్కితే గొలుసు చేతిని కూడా తీసుకుపోతుంది. సముద్రం మీదకి వెళ్ళే చేతికి నేను అతకను. వాడు కాసేపు అలిగాడు. మారెన్ మాత్రం, "ఈయన దగ్గరికి రావడం మంచిదైంది" అంది. ఆ మాట ఊరంతా తిరిగింది. ఇప్పుడు వారానికి ముగ్గురు, నలుగురు వస్తున్నారు.

నువ్వు పంపిన వెండి బాగుంది. తేనెలా కరిగి గుండ్రంగా కూర్చుంటోంది.

వేసవిలో వస్తాను. నీ దుకాణం మెట్ల మీద కూర్చుని పొగబెట్టిన హెర్రింగు చేప తింటాను. నీ ఖాతాదారులు ముక్కు మూసుకుని లోపలికి వెళ్ళాలి.

తోర్కిల్


రొన్నె,
మార్చి 9

ప్రియమైన తోర్కిల్,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. స్వెన్ అలిగిన చోట మూడోసారి కూడా చదివాను.

ఏప్రిల్ చివరి ఆదివారం మీ చర్చిలో పద్నాలుగేళ్ళ పిల్లలు విశ్వాస ప్రమాణం చేసే కన్ఫర్మేషన్ పండగ ఉంది కదా. మర్నాడు నీలి సోమవారం. బడి ఎగ్గొట్టి, కానుకల డబ్బు చేత్తో పట్టుకుని ఆడపిల్లలంతా బస్సెక్కి పెద్ద ఊరు పోతారు. బస్సెక్కే ముందు నీ దగ్గరికి వచ్చేలా చూసుకో. అందరికీ ఒకే రకం గొలుసు, ఆ ఏడాది గుర్తుగా. బోదిల్ కూతురు మిగతావాళ్ళని పోగుచేస్తుంది. సరిపడా గొలుసు పంపుతాను.

ఇక్కడ అంతా మామూలే. ఈ వేసవికి మాత్రం రాకు. దుకాణంలో మరమ్మతులు, ఎక్కడ చూసినా దుమ్ము. మరో ఏడాది చూద్దాం.

నీ ఐనార్


సాండ్‌హావ్న్,
ఏప్రిల్ 14

ఒరేయ్ ఐనార్,

పెట్టె అందింది. పద్దెనిమిది మంది పిల్లలు పేర్లిచ్చారు. పద్దెనిమిది మందికీ సరిపోతుంది.

పెట్టెలో ఒక కాగితం ఉంది. దళసరిగా, మూల ఎర్ర ముద్రతో. అక్షరాలు చీమల బారులా ఉన్నాయి. చీమల్ని నేను చదవలేను, నువ్వు చదివే ఉంటావు. ముద్ర గొప్పగా ఉందని చట్రం కట్టించి నా కుర్చీ వెనక గోడకి తగిలించాను. బోదిల్ దూరం నుంచి చూసి, "అబ్బో, పెద్ద కంపెనీవాడివి అయిపోయావు" అంది.

అసలు సంగతి ఇది. ఒక ముక్క అతికి చూశాను. మొదటి వెండిలా కరగడం లేదు. చిటపటలాడుతోంది. బొట్టు మసకగా, మొండిగా నిలబడుతోంది. పంటితో కొరికాను, పన్నే నొచ్చింది. పాత గొలుసుల కొన మీద మేలి వెండి గుర్తుగా 925 అని ఉండేది. అంకెలు నాకొచ్చు. దీని మీద ఎక్కడా లేదు. ఇది వెండేనా? నా చెయ్యి కాదంటోంది.

అవునో కాదో ఒక్క మాట రాయి. పిల్లల చేతులు రా ఇవి. నీ జవాబు వచ్చేదాకా ఒక్కటి కూడా అతకను.

తోర్కిల్


రొన్నె,
ఏప్రిల్ 22

ప్రియమైన తోర్కిల్,

కంగారుపడకు. ఇది కొత్త రకం వెండి. త్వరగా నల్లబడదు. అందుకే నీ చేతికి కొత్తగా ఉంది. ఉండవలసిన వివరాలన్నీ ఆ కాగితంలోనే ఉన్నాయి. నిశ్చింతగా అతుకు.

ఇక్కడ గాలి ఎక్కువగా ఉంది. చెర్రీ మొగ్గలు నిలుస్తాయో లేదో.

నీ ఐనార్


సాండ్‌హావ్న్,
ఏప్రిల్ 29

ఒరేయ్ ఐనార్,

నీ జవాబు శనివారం అందింది. చెయ్యి ఇంకా గొణుగుతూనే ఉంది. ఐనార్ చెప్పాక నీకేం తెలుసని దాని నోరు మూయించాను.

నిన్న ఏం జరిగిందో చెబుతాను. సోమవారం బోదిల్‌కి సెలవు. అయినా ఏడింటికే తలుపు తీసింది. ఇళ్ళ ముందు ఆదివారం పండగకి ఎత్తిన జెండాలు ఇంకా దించలేదు. పిల్లలు తెల్ల బూట్లు వేసుకుని వీధి పొడవునా వరస కట్టారు. అంత వరస నేను కార్ఖానా జీతాల రోజున చూశాను, మళ్ళీ ఇదే.

ముందు ఆస్తా కూర్చుంది. తర్వాత ఒక పిల్ల భయపడింది. "తాతా, నొప్పి పుడుతుందా?" అంది.

"చెవులు కుట్టించుకున్నప్పుడు అడిగావా?"

"అడగలేదు. అరిచాను."

"ఇక్కడా అరుచుకో. నాకు వినపడదు."

అంతే, అందరూ నవ్వారు. ఆ తర్వాత ఎవరూ భయపడలేదు. పద్దెనిమిది గొలుసులు, పద్దెనిమిది అతుకులు, ఒక్కదానికీ రెండోసారి సూది తాకించలేదు. రొట్టెలవాడు దాల్చినచెక్క వేసిన తీపి రొట్టెలు ఒక పళ్ళెం పంపాడు. బడి పంతులమ్మ గ్రెటె తన కూతురి చేతి గొలుసు చూసి, తను కూడా వేయించుకుంటానంది. వెండి మిగల్లేదని చెప్పాను. తొమ్మిదింటికి బస్సు కదిలింది. కిటికీల్లోంచి చేతులు బయటపెట్టి ఊపారు. ఎండ పడి అన్నీ ఒక్కసారి మెరిశాయి.

కార్ఖానా మూసినప్పటి నుంచి నేను ఈ వీధిలో నడిస్తే ముసలాడు నడుస్తున్నాడనే చూశారు. నిన్న సాయంత్రం రొట్టెకి వెళ్తే స్వెన్ టోపీ తీశాడు. ఎగతాళికి కాదు. నా పేరు మళ్ళీ పనిచేస్తోంది రా. ఈ వయసులో నాకు ఇంకేం కావాలి?

ఇదంతా నీ చలవ. ఇలాంటి మాట నేను మళ్ళీ రాయను, దాచుకో.

తోర్కిల్


సాండ్‌హావ్న్,
జూన్ 3

ఐనార్,

ఈ ఉత్తరం రాయడానికి నాలుగు రోజులు పట్టింది.

ముందు ఆస్తా చెయ్యి ఎర్రబడింది. గొలుసు ఎక్కడ తగిలితే అక్కడ గీత గీసినట్టు. సబ్బు పడలేదేమో అంది బోదిల్. తర్వాత పొక్కులు లేచి నీరు కారింది. ఆ వారంలోనే మరో ఇద్దరు. ఇప్పుడు ఏడుగురు. డాక్టరు చూసి, గొలుసులో ఉన్న నికెల్ లోహం ఒంటికి పడలేదన్నాడు. ఒకసారి ఒంటికి పడకుండా పోతే జన్మంతా పడదట. ఆ మాట ఈ ఊళ్ళో ఆడవాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. బోదిల్ పొట్ట మీద నికెల్ జీన్సు గుండీ రాసుకుని పడ్డ మచ్చ పాతికేళ్ళుగా ఉంది. నికెల్ అనగానే ఆవిడ నా వైపు చూసిన చూపు నేను మర్చిపోను.

"వెండే" అన్నాను. "పంపినవాడు కంసాలి. నా ప్రాణస్నేహితుడు."

శుక్రవారం గ్రెటె వచ్చింది. ఆవిడ కూతురు చేతికి కట్టు ఉంది. నన్ను అడగడానికి వచ్చింది కానీ అడగలేదు. నా తల మీదుగా గోడ వైపు చూస్తూ నిలబడిపోయింది. దగ్గరికి వెళ్ళి చదివింది. తర్వాత నా చెవి దగ్గరికి వచ్చి, కొట్లో అందరికీ వినపడేలా మళ్ళీ చదివింది. ఇంగ్లీషుది మన భాషలో చెప్పింది. "సంచులకీ అలంకరణలకీ మాత్రమే. నికెల్ కలిసినది. ఒంటికి తగిలే నగలకు వాడరాదు."

"తోర్కిల్, ఇది నీ గోడ మీదే ఉంది" అంది.

నెల పైగా అందరి కళ్ళ ముందూ ఉంది. చట్రం కట్టిన కాగితం ఎవరూ చదవరు కాబట్టి సరిపోయింది. జుట్టుకి రంగు పెట్టించుకుంటున్న ఆవిడ కూడా లేచి వచ్చి చూసింది. నేను ఏం మాట్లాడాలి? చదివానంటే దొంగని. చదవలేదంటే, ఎందుకు చదవలేదు అంటారు.

ఇప్పుడు నువ్వు చెప్పు. చెత్త గొలుసు నిన్నెవడో మోసం చేసి అంటగట్టి ఉంటే, అది నాకు అర్థమవుతుంది. కానీ ఆ కాగితం పెట్టెలో పెట్టింది నువ్వు. లోకంలో నేను దాన్ని చదవలేనని తెలిసినవాడివి నువ్వొక్కడివే. నీకు రాయాలనుంటే పెద్ద అక్షరాల్లో రాసేవాడివి. గోడకి తగిలించానని రాశాను. అప్పుడూ నోరు విప్పలేదు. వెండేనా అని సూటిగా అడిగాను. చెర్రీ మొగ్గల గురించి రాశావు.

నా చెయ్యి నాకు నిజం చెప్పింది. నీ మాట విని దాన్ని నోరు మూసుకోమన్నాను.

ఎందుకు చేశావు?

తోర్కిల్


రొన్నె,
జూన్ 12

తోర్కిల్,

తిట్టు. ఇంకా తిట్టు. తిట్లు పడటానికి కూడా నాకు అర్హత ఉందో లేదో.

నాకు దుకాణం లేదు. మూసి రెండేళ్ళయింది. మా అబ్బాయి భవనం అమ్మేశాడు. అక్కడ ఇప్పుడు ఐస్‌క్రీము అమ్ముతున్నారు. నేను ఊరి పైభాగంలో రెండు గదుల్లో ఉంటున్నాను. నీకు మొదట పంపిన వెండి నా అల్మారాలో మిగిలినది. మార్చికల్లా అయిపోయింది. "ఇక లేదు, వేరే చోట కొనుక్కో" అని రాస్తే సరిపోయేది. మూడుసార్లు మొదలుపెట్టి చింపేశాను. ఆ వాక్యం రాస్తే నేను కంసాలిని కానని నా చేత్తో నేనే రాసినట్టు. ఈ దీవిలో నన్ను ఇంకా కంసాలి అనేవాడు ఒక్కడూ లేడు. నువ్వు నీ ఉత్తరాల్లో అంటున్నావు. దాన్ని వదులుకోలేకపోయాను.

నెట్‌లో వెతికి కొన్నాను. పెట్టె విప్పగానే అది వెండి కాదని తెలిసింది. తెలియకుండా ఎలా ఉంటుంది? తిప్పి పంపడానికి వేళ లేదు. నీలి సోమవారం దగ్గరికొచ్చింది. చాలామందికి ఏమీ కాదులే, తర్వాత మెల్లగా మార్పిద్దాం అనుకున్నాను. కాగితం తీసేయబోయాను. తీసేస్తే నేను దాచినట్టు, ఉంచితే దాచనట్టు అనుకున్నాను. నువ్వు చట్రం కట్టించానని రాసిన రోజు నిజం రాద్దామని కలం తీశాను. అయినా రాయలేదు. ఎందుకో నాకే తెలియదు.

ఒక్కటి అడుగుతాను. పెట్టె మీద నా పేరూ చిరునామా ఉన్నాయి. దాన్ని కాల్చెయ్. తయారుచేసినవాడు మోసం చేశాడని చెప్పు. కాగితం వేరే సరుకుది, పొరపాటున వచ్చిందని చెప్పు. నువ్వూ బయటపడతావు, నేనూ బయటపడతాను. నీ గుట్టు యాభై ఆరేళ్ళు నా దగ్గర ఉంది. నా భార్యకి కూడా చెప్పలేదు. నిన్ను నేను అంతకాలం కాపాడాను. ఈ ఒక్కసారి నువ్వు నన్ను కాపాడు.

ఐనార్


సాండ్‌హావ్న్,
జులై 8

ఐనార్ హోల్మ్ గారికి,

మీ ఉత్తరం అందింది. మీరు ఇంకా పెద్ద అక్షరాల్లోనే రాశారు. చదవగలిగాను.

యాభై ఆరేళ్ళు కాపాడానన్నారు. కాపాడారు, నేను కాదనను. కానీ దాన్ని తీసుకొచ్చి ఇప్పుడు బేరానికి పెట్టారు. బేరానికి పెట్టిన గుట్టు నాకెందుకు? అది లేకపోతే మీ చేతిలో ఇంకేం ఉండదు.

అది అందిన వారం శనివారం పిల్లలనీ వాళ్ళ అమ్మానాన్నలనీ బోదిల్ కొట్టుకి రమ్మన్నాను. నిలబడే చోటు లేకుండా వచ్చారు. ఒప్పుకుంటాను, మీరు చెప్పమన్న అబద్ధం నోటి దాకా వచ్చింది. పొరపాటున వచ్చిన కాగితం అంటే నమ్మేవాళ్ళే. స్వెన్ నా ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. నాకు తెలియాలని పెదాలు బాగా కదిలించి అడిగాడు.

"పెద్దాయనా, ఒక్కటే చెప్పు. చక్రంలో చిక్కుతుందని నాకు గొలుసు వెయ్యనన్నావు. అలాంటోడివి ఆ కాగితం చదివి కూడా మా పిల్లకి ఎలా వేశావు?"

"చదవలేదు."

"ఎందుకు చదవలేదు?"

"నాకు చదవడం రాదు."

"కళ్ళద్దాలు లేవా?"

"కళ్ళద్దాలున్నాయి. అక్షరాలు లేవు. చిన్నప్పుడూ రాలేదు, తర్వాతా సరిగ్గా రాలేదు."

చెవిటివాడికి నిశ్శబ్దం తెలియదు. మొహాలు తెలుస్తాయి. చేపల సంఘంలో ఇరవై ఏళ్ళు నా పక్కన కూర్చున్నవాళ్ళు ఉన్నారు అక్కడ. నేను ముందు పెట్టుకుని తల ఊపిన కాగితాలన్నీ వాళ్ళు లెక్కేసుకోవడం నాకు కనపడింది. ఒకావిడ నవ్వింది, వెంటనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. జాలిపడ్డవాళ్ళు కూడా ఉన్నారు. నవ్వే నయం.

గ్రెటె మాత్రం నవ్వలేదు, జాలీ పడలేదు. "రాకపోతే అడగాల్సింది. అడగడానికి చదువు అక్కర్లేదు" అంది. కూతుర్ని తీసుకుని వెళ్ళిపోయింది. ఆవిడ ఇప్పటికీ నాతో మాట్లాడదు. ఆవిడ అన్నది నిజం. ఆ పాపంలో నా వాటా నాది, మీ మీద వెయ్యను. నేను అడిగాను కానీ ఒక్కణ్ణే అడిగాను.

స్వెన్ తన కూతురి చెయ్యి నా బల్ల మీద పెట్టాడు. "కత్తిరించు" అన్నాడు. కత్తిరించాను. వరసలో ఒక్కొక్కళ్ళే వచ్చారు. గ్రెటె కూతురు గొలుసు డాక్టరు దగ్గర తీయించుకుందట. మిగతా పదిహేడూ నా చేత్తోనే తీశాను. నా అతుకు ఒక్కటి కూడా వదులు కాలేదు. లాగి చూశాను. జీవితంలో మొదటిసారి, వదులైతే బాగుండునని అనుకున్నాను.

బోదిల్ నన్ను వెళ్ళిపొమ్మనలేదు. ఉండమని కూడా అనలేదు. యంత్రం మీద తువ్వాలు కప్పి మూలన ఉంచింది. పోయిన వారం అక్కాచెల్లెళ్ళు ఇద్దరు పక్క ఊరి నుంచి వచ్చారు. వెండి వాళ్ళే కొని తెచ్చుకున్నారు. దాంతో వచ్చిన కాగితం నాకు పైకి చదివి వినిపించమన్నాను. వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తర్వాత చదివారు. నా చేతిని కూడా అడిగాను. సరేనంది. అతికాను.

ఇక మీరు అడిగిన పెట్టె సంగతి.

దాన్ని కాల్చలేదు. ఎవరికీ చూపిస్తూ తిరగనూ లేదు. నిన్న వస్తువుల తనిఖీ చేసే ఆఫీసు నుంచి ఒక అమ్మాయి వచ్చింది. డాక్టరు రాశాడట. మర్యాదగా మాట్లాడింది, నా చెవికి తగినట్టు గట్టిగా. పెట్టె ఏదని అడిగితే ఇచ్చాను. కాగితం ఏదంటే చట్రంతో సహా ఇచ్చాను. పెట్టె మీద మీ పేరు ఉంది. ఆ అమ్మాయికి చదవడం వచ్చు, నేను చెప్పాల్సిన పని పడలేదు.

వెళ్ళబోతూ ఫారం తీసింది. అందులో ఒక గడి ఖాళీగా ఉంది.

"ఈ ఐనార్ హోల్మ్ గారు మీకేమవుతారండీ?" అని అడిగింది.

కాఫీ తాగమన్నాను. ఆ అమ్మాయి తాగింది. తొందరపెట్టలేదు. ఆ కప్పు ఖాళీ అయ్యేదాకా నేను ఆలోచిస్తూనే ఉన్నాను.

"సరుకు పంపినవాడు" అన్నాను.

రాసుకుంది. ఏం రాశావో నాకు పైకి చదివి వినిపించమని అడిగాను. చదివింది.

సరిగ్గానే ఉందన్నాను.

తోర్కిల్